భావోద్వేగప్రజ్ఞయు, ఉద్యోగజయమును

ఈ సంవత్సరపు సంచికకు వ్యాసమొకటి వ్రాసి యీయుడని సంపాదకవర్గమువారు మమ్ము కోరి మూడు మాసములైనది. ఏమి వ్రాయుదుమా యని తలపోయుచుండగనే, గడచిన తలిదండ్రుల సమావేశమున నొక ప్రస్తావన వచ్చెను. వచ్చు విద్యాసంవత్సరము మొదలుకొని ప్రగతిపత్రములో గణితము, సామాన్యశాస్త్రము, తెలుగు మొదలగు విషయముల క్రింద భావోద్వేగప్రజ్ఞ అను గడి యొకటి చేర్చి, దానికిని మార్కులు వేయవలెనని ఒక తండ్రిగారు కోరిరి. ఆయన చెప్పిన హేతువు స్పష్టముగనే యున్నది. ఆయన పెద్ద కుమారుడు ఇంజనీరింగు చదివి, మంచి మార్కులు తెచ్చుకొనియు, నాలుగు కంపెనీల మౌఖికపరీక్షలలో తప్పిపోయెనట. చదువున్నది గాని నలుగురిలో మెలగుట తెలియలేదని ఒకచోట ముఖముమీదనే చెప్పిరట. "ఈ విద్య బడిలో నేర్పకపోతే మరెక్కడ నేర్పుతారండీ?" అని ఆయన అడుగగా సభలో చాలమంది తలయూపిరి. ప్రధానోపాధ్యాయులవారు ఉపాధ్యాయులందఱి అభిప్రాయములను వ్రాతమూలముగా కోరిరి. మా అభిప్రాయము ఒక పుటలో ఇముడలేదు. కావున ఆ కాగితమునే కొంత పెంచి ఈ పత్రికకు ఇచ్చుచున్నాము.

ఆ తండ్రిగారి ఆవేదన నిజమైనది. ఆయన అడిగిన ప్రశ్నయు న్యాయమైనది. ఆయన కోరిన గడితోడనే మాకు పేచీ.

కథవలె తోచు ఒక యథార్థముతో మొదలిడెదము. 1848వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున కావెండిషు అను ఊరి దగ్గర రైలుమార్గము వేయుచుండిరి. దారికి అడ్డమైన బండలకు తూటు వేసి, అందు మందు పోసి, ఇనుపకడ్డీతో దట్టించి పేల్చుట అక్కడి పని. ఆ పనివాండ్రకు మేస్త్రీ ఫినియాస్ గేజి అను 25 ఏండ్ల యువకుడు. ఆనాడేమి ఏమరుపాటు జరిగెనో, మందు అకస్మాత్తుగా అంటుకొనెను. 3 అడుగుల 7 అంగుళముల పొడవును 13 పౌనులకు పైబడిన బరువును గల ఆ కడ్డీ ఆయన ఎడమచెక్కిలి క్రింద దూరి, నడినెత్తిన వెలువడి, దూరముగా పోయి పడెను. ఆశ్చర్యమేమనగా ఆయన చావలేదు. ఎద్దుబండిలో కూర్చుండి బసకు చేరి, వచ్చిన వైద్యునితో తానే మాటలాడెను. జాన్ హార్లో అను వైద్యుడు చికిత్స చేయగా కొన్ని మాసములకు దేహము కుదుటపడెను.

ఈ వ్యాసమునకు కావలసినది తరువాతి భాగము. ప్రమాదమునకు పూర్వము ఆయన యజమానులు తమ మేస్త్రీలలో ఇంతటి సమర్థుడు లేడని మెచ్చుకొన్నవారే. గాయము మానిన పిమ్మట ఆయన మరల పనికి రాగా, ఆ పదవి ఈయజాలమనిరి. జ్ఞాపకశక్తి పోలేదు; చేతి బలము పోలేదు; బండ పేల్చు విధము మఱచిపోలేదు. నోటికి అదుపు పోయినది. తోటివారియెడ మన్నన పోయినది. ఒక ఏర్పాటు చేసి, అది కొంతైన సాగకమునుపే విడిచి, మఱియొకటి పట్టుచుండెనని హార్లో 1868లో ప్రకటించిన నివేదికలో వ్రాసినాడు. పని తెలిసినవాడే, పని చేయించుటకు తగనివాడయ్యెను.

గేజి కథను ఇంతటితో ముగించు పుస్తకములే ఎక్కువ. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము విన్నదియు ఇంతవఱకే. శేషభాగము మాకు చాల ఏండ్లకు గాని తెలియలేదు. ఆయన కొంతకాలము ఒక గుఱ్ఱపుసాలలో పనిచేసి, 1852లో దక్షిణ అమెరికాలోని చిలీ దేశమునకు పోయి, అక్కడ ఆరు గుఱ్ఱములు పూన్చిన ప్రయాణపు బండిని ఏండ్ల తరబడి తోలెను. వేకువనే లేచుట, గుఱ్ఱములకు దాణా పెట్టుట, వేళకు బండి కదలించుట, తెలియని భాష మాటలాడు ప్రయాణికులతో నెగ్గుకొని వచ్చుట: ఇవి అదుపులేని మనుష్యుడు చేయగల పనులు కావు. ప్రతిదినము ఒకే క్రమమున నడచు ఈ పనియే ఆయనకు పోయిన నడవడిని కొంతవఱకు మరల కూడదీసి యుండునని, గేజి చరిత్రను శ్రద్ధతో శోధించిన ఆస్ట్రేలియా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు మాల్కం మక్‌మిలన్ ఊహించినాడు. గేజి 1860లో కాలిఫోర్నియాలో చనిపోయెను. ఆయన కపాలమును ఆ కడ్డీయు హార్వర్డు విశ్వవిద్యాలయపు సంగ్రహాలయమున నున్నవి. నెత్తిని ఇనుము చీల్చినవానికే క్రమమైన పని చేత నడవడి తిరిగి రాగలిగినచో, పదుమూడేండ్ల పిల్లవానిని చూచి "వీడి స్వభావమే ఇంత" అనుటకు మాబోటివారికి నోరెట్లు వచ్చును?

గేజివంటివాడే మఱియొకడు మన కాలమున నుండెను. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయములో పనిచేసిన వైద్యుడు ఆంటోనియో డమాసియో 1994లో అచ్చువేసిన గ్రంథమున ఎలియట్ అను మాఱుపేరుతో అతనిని గూర్చి వ్రాసినాడు. మెదడు ముందుభాగమున లేచిన కంతిని కోసి తీసివేసిరి. తరువాత పెట్టిన బుద్ధిపరీక్షలన్నింటను అతడు చక్కగా నెగ్గెను. కాని ఉద్యోగము నిలువలేదు. కాగితములు సర్దుమనిన, తేదీవారిగా సర్దుటయా మఱియొక విధముగా సర్దుటయా యని పూటంతయు ఆలోచించుచు కూర్చుండును. అసలు పని అట్లే యుండును. పనికిమాలిన వ్యాపారములలో డబ్బు పెట్టి కూడబెట్టినదంతయు పోగొట్టుకొనెను. తన కష్టములను తానే ఎవనివో చెప్పినట్లు నిశ్చింతగా చెప్పుచుండెనట. ఏది ముఖ్యము, ఏది కాదు అని మనకు చెప్పునది మనస్సులోని కదలికయే. ఆ కదలిక లేనివానికి తెలివియుండియు తూకము లేకపోయెను. హృదయము బుద్ధికి శత్రువని మనము చిన్ననాట విన్న మాటను డమాసియో పుస్తకము చదివిన పిమ్మట మేము తరగతిలో చెప్పుట మానితిమి.

ఇక భావోద్వేగప్రజ్ఞ అను పేరు సంగతి. పేరు క్రొత్తదే గాని విషయము ప్రాతది. పిల్లిని పెట్టెలో పెట్టి, అది గడియ తీయుట నేర్చుకొను విధమును కనిపెట్టిన థారన్‌డైకును ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారందఱు ఎఱుగుదురు. పరీక్షలో ఆ పిల్లి రాని సంవత్సరము లేదు. ఆ థారన్‌డైకే 1920లో, మనుష్యులతో మెలగు తెలివి పుస్తకములతో మెలగు తెలివికంటె వేఱని వ్రాసి, దానికి సాంఘికప్రజ్ఞ అని పేరు పెట్టెను. ఇది మాత్రము ఏ సంవత్సరపు పరీక్షలోను మేము చూడలేదు. 1990లో పీటర్ సాలొవీ, జాన్ మేయర్ అను ఇద్దఱు పండితులు భావోద్వేగప్రజ్ఞ యను పేరుతో శాస్త్రవ్యాసము వ్రాసిరి. ఎదుటివాని ముఖమున భావమును గుర్తించుట, భావమును ఆలోచనకు తోడు చేసికొనుట, ఒక భావము మఱియొక భావముగా మాఱు విధమును తెలిసికొనుట, తన భావమును నడపుకొనుట అని వారు ఆ పిమ్మట దానిని నాలుగు శక్తులుగా విభజించిరి. 1995లో డేనియల్ గోల్‌మన్ వ్రాసిన గ్రంథముతో ఆ పేరు లోకమంతట పాకెను.

పాకుటలో కొంత చెడెను. ఉద్యోగజయమున నూటికి 80 వంతులు భావోద్వేగప్రజ్ఞయే యని పట్టణములలోని కోచింగు కేంద్రములవారు కరపత్రములలో అచ్చువేయుచున్నారు. గోల్‌మన్ అట్లు వ్రాయలేదు. జీవితసాఫల్యమునకు కారణములైనవానిలో ప్రజ్ఞాలబ్ధి వంతు నూటికి 20 మించదని ఆయన వ్రాసెను. మిగిలిన 80 వంతులలో పుట్టిన కుటుంబము, అదృష్టము మొదలగునవన్నియు నున్నవి. తన మాటను లోకము తప్పుగా చదివినదని ఆయనయే 2005లో, గ్రంథము వెలువడిన పదేండ్లకు వ్రాసిన పీఠికలో చెప్పుకొనవలసి వచ్చెను. పీఠికలను చదువువారు తక్కువ. కరపత్రములను చదువువారు ఎక్కువ.

ఇట్టిదే మఱియొక కథ. 1960 తరువాతి దశకమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు శిశువిహారములో వాల్టర్ మిషెల్ అను పండితుడు నాలుగేండ్ల పిల్లల ఎదుట మెత్తని తీపిబిళ్ల నొకదానిని పెట్టి, తాను మరల వచ్చువఱకు తినకయుండిన రెండు ఇత్తుననెను. ఆగిన పిల్లలు పెద్దవారై చదువులలో బాగుపడిరని 1990లో ప్రకటించిరి. మన సభలలో ఉపన్యాసకులు ఈ కథను నేటికిని చెప్పుచున్నారు. కాని 2018లో మఱికొందఱు పండితులు తొమ్మిదివందలకు పైబడిన పిల్లల లెక్కలు తీసి చూడగా, మునుపు చెప్పిన సంబంధము సగమైనది. ఇంటి స్థితిగతులను కూడ లెక్కలోనికి తీసికొనగా ఆ సగములో మూడవవంతు మాత్రమే మిగిలినది. మాకు ఇది వింతగా తోచలేదు. రేపును తీపి దొరకునని ఎఱిగిన బిడ్డ ఆగును. ఇంటిలో ముగ్గురు అన్నలున్న పేదబిడ్డ చేతికి వచ్చినదానిని ఎందుకు ఆపుకొనును? మధ్యాహ్నభోజనమున గ్రుడ్డును ముందు తినువారెవరో, కడపటికి దాచుకొనువారెవరో మా వరండాలో నిలుచుండి చూచినవారికి ఇది తెలియును.

అట్లయిన భావోద్వేగప్రజ్ఞకు ఉద్యోగముతో సంబంధము లేదా? కలదు. అన్ని ఉద్యోగములలో సమముగా లేదు. డానా జోసెఫ్, డానియల్ న్యూమన్ అనువారు 2010లో అనేక పరిశోధనలను కలిపి చూచి, మనుష్యులతో ఎడతెగక వ్యవహరింపవలసిన ఉద్యోగములలో ఈ ప్రజ్ఞ గలవారు మెఱుగుగా పనిచేయుచున్నారనియు, అట్టి అవసరము లేని పనులలో దీనివలన లాభము కానరాదనియు తేల్చిరి. దీనిని మన ఊరి మాటలలో చెప్పుకొందము. లేతుమిషను మీద ఇనుమును తరచు టర్నరుకు కంటిచూపును చేతిలాఘవమును ముఖ్యము, మిషను అలుగదు. ఆర్టీసీ కండక్టరు మాట వేఱు. ఉదయపు మొదటి బస్సు, అరువదిమంది, అందఱిచేతను ఐదువందల నోట్లే, చిల్లర లేదు, ఒక ముసలమ్మ తన స్టేజీ దాటిపోయెనని ఏడ్చుచున్నది, వెనుక సీటులో ఒకడు త్రాగి పాడుచున్నాడు. టిక్కెట్టు యంత్రము నొక్కుట రెండు దినములలో వచ్చును. తక్కినది రావలెనన్న ఏండ్లు పట్టును, కొందఱికి రానేరాదు. మా పూర్వవిద్యార్థినులలో నర్సులైనవారు పలువురు కలరు. రాత్రి డ్యూటీలో ఒకే రోగి ఒకే ప్రశ్నను పదిమార్లడుగగా పదవమాఱును మొదటిమాటవలెనే బదులు చెప్పుట ఎంతపనియో వారినడిగిన చెప్పుదురు. మేము దేవాలయములో వినుచుండు దీర్ఘశాంతము అను మాట వారి నోట వచ్చినపుడు దానికి బరువెక్కువ.

2006లో స్టెఫాన్ కోటె, క్రిస్టఫర్ మైనర్స్ అనువారు చేసిన పరిశోధన మాకు ఇంకను నచ్చినది. ప్రజ్ఞాలబ్ధి తక్కువగానున్నవారికే భావోద్వేగప్రజ్ఞవలన ఉద్యోగమున మేలెక్కువ యని వారు కనిపెట్టిరి. మార్కులు తక్కువ వచ్చువారిని వెనుకబల్లలకు తఱుమువారు దీనిని చదువవలెను. డేవిడ్ డెమింగ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 2017లో ప్రకటించిన లెక్కనుబట్టి, 1980 మొదలు 2012 వఱకు అమెరికాలో మనుష్యులతో ఎక్కువగా కలసిమెలసి చేయవలసిన ఉద్యోగముల వాటా మొత్తము ఉద్యోగములలో దాదాపు 12 వంతులు పెరిగినది. యంత్రము లెక్క చేయగలదు గాని అలిగిన ఖాతాదారుని ఊరడింపలేదు కాబట్టి ఇట్లు జరిగెనని మేము అనుకొనుచుంటిమి. ఈ రెండుమూడేండ్లుగా యంత్రములు ఊరడింపు మాటలు కూడ వ్రాయుచుండుట చూచి, ఆ మాటను కొంచెము మెల్లగా చెప్పుచున్నాము.

చదువువలన స్వభావము మాఱునా యను సందేహమునకు ఇప్సిలాంటీ పట్టణపు పెర్రీ శిశుపాఠశాల సమాధానము. 1962 మొదలు 1967 వఱకు అక్కడ 123 మంది పేద నల్లజాతి పిల్లలను రెండు వర్గములు చేసి, 58 మందిని మూడు నాలుగేండ్ల ప్రాయమున చిన్న బడికి రప్పించిరి. పని ఏమి చేయవలెనో పిల్లలే నిర్ణయించుకొని, చేసి, తరువాత అందఱితో కూర్చుండి చేసినదానిని గూర్చి మాటలాడుకొనుట అక్కడి పద్ధతి. మొదట ప్రజ్ఞాలబ్ధి పెరిగినది. కొన్ని ఏండ్లకే ఆ పెరుగుదల కరగిపోయినది. బడి వ్యర్థమాయెనని చాలమంది చేతులు విడిచిరి. కాని ఆ పిల్లలు నలువది ఏండ్లవారగునప్పటికి, బడికి వచ్చినవారిలో నూటికి 76 మందియు, రానివారిలో నూటికి 62 మందియు ఉద్యోగములలో నుండిరి. నేరములును తక్కువ. ప్రజ్ఞాలబ్ధి కరగిన పిమ్మటను నిలిచినదేమి? నడవడి యని, ఆర్థికశాస్త్రమున 2000వ సంవత్సరపు నోబెల్ బహుమానమును పంచుకొన్న జేమ్స్ హెక్‌మన్ చెప్పుచున్నాడు. మాబోటి ఉపాధ్యాయులు గోడకు వ్రాసిపెట్టుకొనదగిన లెక్క యిది. ఆ బడిలో నడవడికి మార్కులు వేయలేదనునది కూడ గమనింపదగినది.

ఇచట ఒక చేదుమాట చెప్పవలసియున్నది. పేదవాని కోపము పెదవికి చేటని మనవారి సామెత. యజమాని కోపించిన ఆయనకు పట్టుదల యెక్కువ యందురు. గుమాస్తా కోపించిన వానికి భావోద్వేగప్రజ్ఞ లేదందురు. ఆర్లీ హాక్‌షైల్డు అను అమెరికా సమాజశాస్త్రజ్ఞురాలు 1983లో వ్రాసిన గ్రంథమున, విమానములలో పనిచేయు స్త్రీలు నవ్వును కూడ జీతమునకు అమ్ముకొనవలసి వచ్చుటను వర్ణించి, దానికి భావశ్రమ యని పేరు పెట్టినది. బాకీలు వసూలుచేయువారు రాని కోపమును తెచ్చుకొనవలసి వచ్చుటను కూడ ఆమె చూపినది. ఉద్యోగము పోవునన్న భయమున అన్యాయమునకు నవ్వుట ప్రజ్ఞ కాదు. న్యాయమైన జీతమును అడుగవలసినచోట అడుగుటకును ఒక ధైర్యము, ఒక మాటతీరు కావలెను. అదియు ఈ ప్రజ్ఞలోనిదే. మా పిల్లలకు తలవంచుటయే నేర్పి దానికి శాస్త్రీయమైన పేరు పెట్టుటకు మేము ఒప్పుకొనము.

గడి విషయమునకు వచ్చెదము. ఇది ఎన్నడును జరుగని ప్రయోగము కాదు. 2009లో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలివారు నిరంతర సమగ్ర మూల్యాంకనమను పద్ధతిని తెచ్చినపుడు భావోద్వేగ నైపుణ్యములకు కూడ గ్రేడులు పెట్టిరి. 2017లో ఆ పద్ధతి విరమింపబడెను. ఆ బడులలో పనిచేసిన మా మిత్రులు చెప్పుదురు: నలుబదిమంది పిల్లలకు నలుబది వాక్యములు వ్రాయుట సాధ్యము కాక, అచ్చుపుస్తకములో నున్న ఐదారు వాక్యములనే మార్చి మార్చి ఎక్కించెడివారట. తప్పు వారిది కాదు. కొలుచుటకు గజము లేని వస్తువును కొలువుమనిన ఎవరైనను అదే చేయుదురు. మాట తక్కువైన పిల్లకు ఏమి వేయుదుము? ఇంటిలో తండ్రి త్రాగి కొట్టగా తెల్లవారి బడికి వచ్చి ప్రక్కవానితో పోట్లాడిన పిల్లవానికి ఏమి వేయుదుము? నవ్వినచో మార్కులు వచ్చునని తెలిసిన నాడు మాయెదుట అందఱును నవ్వుదురు. ఆ నవ్వులవలన మాకు తెలియగలిగినదియు తెలియకుండ పోవును.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న, ఆ మార్కులు వేయువారెవరు? మేమే గదా.

మేము ఈ వృత్తిలో చేరిన నాలుగవ ఏట, అప్పుడు పనిచేయుచుండిన బడిలో, ఎనిమిదవ తరగతి బాలుడొకడు లెక్కల పుస్తకమును తడిసి మడతలు పడిన స్థితిలో తెచ్చి యిచ్చెను. ఆనాడు ఉదయము మాకు పైవారితో చిన్న వాగ్వాదము జరిగినది. దానికి ఆ బాలునికి ఏ సంబంధమును లేదు. పుటలు అంటుకొని రాకపోగా మాకు కోపము వచ్చి, పుస్తకమును కిటికీలోనుండి బయటికి విసరివేసితిమి. నల్లబల్ల మీద ముందు గంటలో తెలుగు పండితులవారు వ్రాసిన సుమతీశతకపు పద్యము ఇంకను చెఱుపకుండ ఉండెను. కోపమును గూర్చిన పద్యమే అది. పిల్లలందఱును దానివంకయు మావంకయు చూచిరి. సాయంకాలము ఆ పుస్తకమును తెప్పించి ఆరబెట్టి చూడగా, లెక్కలన్నియు సరిగా చేసియుండెను. ఒకటి మేము చెప్పినదానికంటె చిన్నదారిలో చేసియుండెను. మఱునాడు మంచి మార్కులు వేసి ఇచ్చితిమి. క్షమింపుమని మాత్రము అడుగలేదు. ఉపాధ్యాయుడు పిల్లవాని నట్లు అడుగుట మర్యాద కాదని అప్పుడు అనుకొంటిమి.

ఆ బాలుడు తరువాత మా తరగతిలో చేయి యెత్తలేదు. పదవతరగతి పిమ్మట లెక్కలు లేని చదువును ఎన్నుకొనెను. నాలుగేండ్ల క్రిందట ఒక బట్టలదుకాణములో గుమాస్తాగా కనిపించి, ఎంతో ఆదరముతో కుర్చీ వేసి టీ తెప్పించెను. మాటలలో మేమే ఆ సంగతి ఎత్తితిమి. అతడు నవ్వి, "అదెప్పుడో మర్చిపోయాను మాస్టారూ. కాని ఇప్పటికీ లెక్కల కాగితం చూస్తే చేతులు చల్లబడతాయండీ. బ్యాంకు పరీక్ష రెండుసార్లు అందుకే పోయింది" అనెను. అపుడు క్షమాపణ అడిగితిమి. అతడు కంగారుపడి మా చేతులు పట్టుకొనెను. బ్యాంకు పరీక్షకు వయస్సు అప్పటికే దాటిపోయినది. ఆ నాటి ప్రగతిపత్రములో భావోద్వేగప్రజ్ఞకు గడి యున్నచో, అతనికి మేము మార్కులు వేసియుందుము. మాకు వేయువారు ఎవరును లేరు.

గడి వలదనిన మఱి ఏమి చేయవలెనని ఆ తండ్రిగారు అడుగుదురు. మాకు తోచినవి చిన్న పనులు. మొదటిది మాటలు నేర్పుట. మనస్సు ఎట్లున్నదని అడిగిన నేటి పిల్లలు కోపము, బాధ, టెన్షను అను మూడు మాటలతో సరిపెట్టుచున్నారు. మన భాషలో ఎన్ని లేవు! అలుక వేఱు, కినుక వేఱు. రోషము వేఱు, ఉక్రోషము వేఱు. బెంగ వేఱు, దిగులు వేఱు. ఆటలో ఓడినవానికి వచ్చునది ఉక్రోషమని తెలిసినచో, గెలిచినవాడు శత్రువు కాడని కూడ తెలియును. మొగమాటమను మాట నొకదానిని తీసికొనుడు. మా బడిలో ప్రథముడుగా నెగ్గిన విద్యార్థి యొకడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగమున చేరి, తెలియని విషయమును ప్రక్కవానినడుగుటకు మొగమాటపడి, మూడు వారములు ఒకే చిక్కులో నుండి, చివరకు పని చెడగొట్టినాడని మాట వచ్చెను. అది అహంకారమని వాని పైయధికారి అనుకొనెనట. మొగమాటమని పేరు పెట్టగలిగినచో, దానిని దాటుట సగము పని. సాలొవీ, మేయరులు చెప్పిన మూడవ శక్తి, భావమును తెలిసికొనుట, తెలుగు తరగతిలోనే నేర్పవచ్చును. వేఱు పాఠ్యపుస్తకము అక్కఱలేదు.

రెండవది, ప్రయోగశాలలో జట్లను నెలకొకమాఱు మార్చుట. నచ్చినవారితో కలసి పనిచేయుట ఎవరికైనను వచ్చును. మూడవది, దిద్దిన జవాబుపత్రములను బల్లమీద విసరక, తప్పినవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పది నిమిషములు తానే తన తప్పును చదువుకొనునట్లు చేయుట. తప్పు చూపినపుడు కుంగక, ఎదురుతిరుగక వినగలుగుట ఏ కార్యాలయములోనైనను మొదటి యేడాది కావలసిన విద్య. ఆ నాలుగు మౌఖికపరీక్షలలో వారు వెదకినదియు బహుశః ఇదియే. గేజికి చిలీలో బండి దొరకినట్లు, ప్రతి పిల్లవానికి బడిలో ప్రతిదినము తప్పక చేయవలసిన ఒక పని యుండవలెను: గంట కొట్టుట, మొక్కలకు నీరు పోయుట, గ్రంథాలయపు పుస్తకములకు లెక్క వ్రాయుట. మార్కులు వచ్చువానికే ఈ పనులు ఇచ్చుచున్నాము. తాఱుమాఱు చేసి చూడవలెను.

తలిదండ్రులకు ఒక మనవి. బిడ్డ ఇంటికి రాగానే మార్కులెన్ని యని అడుగుటకు ముందు, నేడు ఎవరితో కూర్చుంటివి, ఎవరితో పోట్లాడితివి అని అడిగి, చెప్పినదానిని తిట్టక వినుడు. మా ఇంటిలో మేమును ఈ మధ్యనే మొదలుపెట్టినాము. మా అమ్మాయి మొదటి వారము అనుమానముతో చూచినది.

ప్రగతిపత్రములో ఆ గడి వలదనియు, దానికి బదులు పైన చెప్పిన పనులను ఒక సంవత్సరము చేసి చూడవలెననియు, ఏడాదికి రెండుమాఱులు విద్యార్థులే పేరు లేకుండ ఉపాధ్యాయుల నడవడిని గూర్చి వ్రాసి యిచ్చు ఏర్పాటు కావలెననియు వ్రాసి, కాగితమును ప్రధానోపాధ్యాయులవారికి ఇచ్చితిమి. చివరి సంగతి చదివి ఆయన కనుబొమలు ఎత్తిరి గాని కొట్టివేయలేదు. జూన్ మాసమున బడి తెఱచిన పిమ్మట ఉపాధ్యాయుల సమావేశమున దీనిని చర్చింతురు. ఆ తండ్రిగారిని కూడ రమ్మని కబురు పంపినాము; వీలైనచో కుమారుని వెంటబెట్టుకొని రండని కోరినాము.